కలకత్తాకు ఒక్కరే వెళ్లడానికి డ్వాక్రా లోను వాడుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. నాకు 47 ఏళ్లు. ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. నెలకు సుమారు 14,000 వస్తాయి. ఇంటి ఖర్చు 10,000. పొదుపు సంఘానికీ చీటీకీ పోగా 2,000 మిగులుతాయి. పోస్టాఫీసులో 60,000 ఉన్నాయి. భర్త లేరు, అమ్మాయి విశాఖలో ఉద్యోగం చేసుకుంటోంది. మా నాన్న కలకత్తా దగ్గరి టిటాగఢ్ జూటు మిల్లులో పనిచేసేవారు. సెలవుకు వచ్చినప్పుడల్లా హౌరా వంతెన కబుర్లే. అది ఒక్కసారి చూడాలని నా కోరిక. ఒక్క రోజు తిరిగి వచ్చేస్తాను, తోడు ఎవరూ అక్కర్లేదు. 15,000 అవుతుందని అనుకుంటున్నాను. పీకో మిషన్ కోసం సంఘం నుంచి 50,000 లోను వస్తోంది, అందులోంచి తీసుకుందామనుకుంటే మా తమ్ముడు "ఒక్కదానివీ అక్కడికెల్లి ఏటి సేస్తావే అప్పా, డబ్బులు తగలేత్తావా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండమ్మా. లోను మాత్రం ముట్టుకోకండి.

మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. మీరనుకున్న దారిలో వెళ్తే డబ్బు తగలేసినట్టే. పీకో మిషన్ కోసం చేసిన అప్పును మిషనే తీర్చుకుంటుంది, రోజుకు పది చీరలకు పీకో కొట్టినా వాయిదా వెళ్లిపోతుంది. కలకత్తా అలా తీర్చదు. 50,000లో 15,000 తీసేస్తే చిన్న మిషనో పాత మిషనో కొనుక్కోవాలి, వాయిదాలు మాత్రం మొత్తం 50,000కీ కట్టాలి. పైగా సంఘం అప్పు మీ ఒక్కరిది కాదు. మీరు ఒక నెల తప్పితే మిగతా వాళ్లందరి ముందూ తల దించుకోవాలి, వాళ్ల తర్వాతి లోనుకూ అడ్డం పడుతుంది.

పోస్టాఫీసులోని 60,000 కూడా వద్దు. నెలకు 10,000 ఖర్చున్న ఇంటికి అది ఆరు నెలల అన్నం. చేతికి దెబ్బ తగిలి నెల రోజులు మిషన్ తొక్కలేకపోతే అక్కరకొచ్చే డబ్బు అదే.

ఇక మీ 15,000 లెక్క. ఇది ఎక్కడ పెరిగిందో నాకు తెలుసు, గది దగ్గర. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే లాడ్జి అద్దె పంచుకుంటారు, టాక్సీ పంచుకుంటారు. ఒంటరిగా వెళ్లే మనిషి అన్నీ తానే కట్టుకోవాలి. అందుకే ఒక్కరే వెళ్లేటప్పుడు నేను చెప్పే చిట్కా ఒకటే: గది లేకుండా చూసుకోండి. మీ ఊళ్లో ఉన్నదే శ్రీకాకుళం రోడ్ స్టేషన్. అక్కడి నుంచి హౌరా సుమారు 750 కిలోమీటర్లు, బండిని బట్టి పన్నెండు, పదమూడు గంటలు పడుతుంది. రాత్రి ఎక్కి పగలు దిగి, మళ్లీ రాత్రి బండి ఎక్కేస్తే రెండు రాత్రులూ బెర్తు మీదే గడిచిపోతాయి. పొద్దున్నే దింపే బండి అన్ని రోజులూ ఉండకపోవచ్చు. కాబట్టి తేదీ అనుకుని బండి వెతక్కండి, బండి చూసుకుని తేదీ పెట్టుకోండి.

స్లీపర్‌లో ఒకవైపు 500 లోపే. అయినా థర్డ్ ఏసీ తీసుకోండి, 1,100, 1,200 మధ్య ఉంటుంది. సలహాదారుడు ఖర్చు పెంచుతున్నాడేమిటనుకోకండి. గది మానేశాం కాబట్టి నిద్ర బండిలోనే పట్టాలి. నిద్ర లేని మనిషి పగలు రెండు గంటలు తిరిగి, ఆపైన ప్రతిదానికీ టాక్సీ పిలుస్తుంది. 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు, ఖాళీ ఉంటే కింది బెర్తే ఇస్తారు, వయసు సరిగ్గా రాయండి. టికెట్ ఆన్‌లైన్‌లో తీస్తే 45 పైసలకు ప్రయాణ బీమా వస్తుంది, ఆ గడి టిక్ చేయమని అమ్మాయికి చెప్పండి. తత్కాల్ వద్దు. అది ఖరీదు, పైగా ఖరారైన టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

హౌరాలో దిగగానే వెయిటింగ్ హాల్లో స్నానం చేసి, బ్యాగును క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి. బ్యాగుకు తాళం లేకపోతే తీసుకోరు, ఇంటి దగ్గరే ఒక చిన్న తాళం వేసుకోండి. ఊళ్లో తిరగడానికి అయ్యేది చాలా తక్కువ. వంతెన నడిచి దాటడానికి డబ్బులే అక్కర్లేదు. 1943లో తెరిచిన ఆ వంతెనలో నట్టూ బోల్టూ లేవు, అంతా రివిట్లే. అవతల మెట్ల కిందే పూల బజారు. అక్కడి నుంచి లాంచీలో హుగ్లీ మళ్లీ దాటి రావచ్చు. 2024 మార్చిలో నది అడుగున మెట్రో మొదలైంది, ఇప్పుడది హౌరా నుంచి సియాల్దా వరకూ వెళ్తుంది. సియాల్దాలో లోకల్ ఎక్కితే టిటాగఢ్, టికెట్ పది రూపాయలకు మించదు. విక్టోరియా మెమోరియల్, 1814 నాటి ఇండియన్ మ్యూజియం కూడా చూడాలనుకుంటే సోమవారం పెట్టుకోకండి, రెండూ మూసి ఉంటాయి. నన్నడిగితే టిటాగఢ్ ఒకటి, వంతెన ఒకటి చాలు, ఒక్క రోజులో అన్నీ కుక్కితే ఏదీ చూసినట్టుండదు.

లెక్క ఇలా వస్తుంది. రానూపోనూ రైలు 2,400. తిండి 800. ఊళ్లో తిరగడం, స్నానం, క్లోక్‌రూమ్, ప్రవేశ టికెట్లు కలిపి 800. మొత్తం 4,000. దీని మీద 2,000 ముట్టుకోని డబ్బుగా పెట్టుకోండి, బండి తప్పితే గదికి పనికొస్తుంది. మీరు రాయని ఖర్చు ఇంకొకటి ఉంది. ఒక్క రోజు షికారుకు మూడు రోజులు మిషన్ ఆగుతుంది. నెలకు పాతిక పనిరోజులనుకుంటే రోజుకు 560, మూడు రోజులకు దాదాపు 1,700. అన్నీ కలిపినా 7,700. మీరనుకున్నదాంట్లో దాదాపు సగం.

ఆ 1,700 కూడా తగ్గించుకోవచ్చు. సంక్రాంతి జాకెట్ల హడావుడి అయిపోయాక, మాఘం ముహూర్తాలు మొదలయ్యే లోపు పుష్యమాసంలో మీ చేతికి ఎలాగూ పని తక్కువ. అక్కడ చలికాలం, ఎండ బాధ ఉండదు. సంక్రాంతి రోజుల్లో మాత్రం వెళ్లకండి, గంగాసాగర్ యాత్రికులతో హౌరా కిక్కిరిసిపోతుంది. కాస్త ఆగి వెళ్లి, అరసవల్లి రథసప్తమి రద్దీలోపు తిరిగి వచ్చేయండి.

డబ్బు కూడబెట్టడం కష్టమేం కాదు. మిగులుతున్న 2,000లో 1,000 మే నెల నుంచి పక్కన పెట్టండి. పోస్టాఫీసు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) అయిదేళ్లది, మూడేళ్లలోపు తీయనివ్వరు, దీనికి పనికిరాదు. ఆరు నెలల ఆర్డీ ఇచ్చే బ్యాంకు చూసుకోండి. అది నవంబరులో చేతికొస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి సరిగ్గా టికెట్ల వేళకు అందుతుంది. నవంబరు, డిసెంబరు వెయ్యిలు కలిపితే 8,000.

ఫోన్‌పేకు మీ డబ్బంతా ఉన్న ఖాతా తగిలించి తీసుకెళ్లకండి. ప్రయాణం డబ్బు మాత్రమే ఉన్న ఖాతా ఒకటి చాలు. అవసరమైతే అమ్మాయి వేస్తుంది. కొంత నగదు పర్సులో, కొంత లోపల.

చివరిగా, నాకు అసలు భయమున్న చోటు బడాబజార్, కలకత్తా టోకు బజారు. గుడ్డ చూస్తే కుట్టేవాళ్ల చెయ్యి ఆగదు. లైనింగు, లేసులు చవకగా కనిపిస్తాయి. కొనాలనిపిస్తే కొనండి, కానీ కుట్టు సరుకు డబ్బు విడిగా తీసుకెళ్లి దాంతోనే కొనండి, ఎంతకు కొన్నారో, దాంతో ఎన్ని జాకెట్లు కుట్టారో రాసుకోండి. ఆ ముట్టుకోని 2,000 మాత్రం అక్కడ తీయకండి. మిగిలి వస్తే పీకో మిషన్ మొదటి వాయిదాకు కట్టేయండి.