కొండ ఇంటి పెరట్లో కుక్క కోసం కృత్రిమ గడ్డి

చిరంజీవికి ఆశీస్సులు.

కుక్క తిరగడానికి పెరట్లో కృత్రిమ గడ్డి పరిపిస్తున్నావని తెలిసింది. మంచి ఆలోచనే. కొండ మీద మామూలు గడ్డి మంచు కరిగే రోజుల్లో బురదైపోతుంది, మూత్రం పడ్డచోటల్లా నత్రజని ఎక్కువై మాడిపోతుంది. కానీ గడ్డి రంగూ మెత్తదనమూ చూసి మురిసిపోకు. వాసన, ఉబ్బులు, లేచిపోయే అంచులు దాదాపు అన్నీ కింది నేల సరిగా లేక వచ్చే జబ్బులే. ఖర్చులో పెద్ద వాటా కంటికి కనబడని ఆ భాగానికే పోతుంది, పోనీ.

ముందు నీళ్ల దారి చూడు. గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని నిలబడితే ఎగువ నుంచి ధార ఎక్కడ దిగుతోందో తెలుస్తుంది. ఆ ఎగువ అంచు వెంట 30 సెం.మీ. లోతు కాలువ తీయించి, చిల్లుల పైపు పెట్టి కంకరతో నింపించు. గడ్డి కింద నుంచి దిగువన బయటికొచ్చే నీళ్లు బావి వైపో వాగు వైపో పోకూడదు. అవి మూత్రం కడిగిన నీళ్లు. మొక్కలున్న మడిలోకి మళ్లించు. గడ్డి కింద వాలు మీటరుకు 1 నుంచి 2 సెం.మీ. చాలు. స్థలం నిటారుగా ఉంటే ఆ వాలు మీదే పరిచేయకు, పోచల మధ్య నింపడానికి పైన చల్లే ఇసుక లాంటి గింజలు వానకు కిందికి జారిపోతాయి. చిన్న గోడలు కట్టించి మెట్లు మెట్లుగా చదును చేయించు.

ఇక పునాది. నేల గడ్డకట్టే చోట కనీసం 15 సెం.మీ. తవ్వాలి, బంకమన్ను అయితే ఇంకొంచెం. అడుగున జియోటెక్స్‌టైల్ బట్ట (నీళ్లను దింపుతూ మన్నూ కంకరా కలవకుండా ఆపేది), దాని మీద కడిగిన 20 మి.మీ. కోణాల కంకర 10 సెం.మీ., ఆపైన 6 నుంచి 10 మి.మీ. రాతి చిప్స్ 5 సెం.మీ. గుండ్రటి ఏటి రాళ్లు వద్దు, ఎంత తొక్కినా కుదురుకోవు. ఒకేసారి పోయకుండా 5 సెం.మీ. చొప్పున పోస్తూ ప్రతి పొరనూ ప్లేట్ కంపాక్టర్‌తో (అదురుతూ నేలను అణిచే యంత్రం) అణగ్గొట్టించు. ఉదాహరణకు 30 చదరపు మీటర్ల స్థలానికి 4.5 ఘనపు మీటర్లు పడుతుంది. అణిగేదాన్ని లెక్కేసి 5.5 తెప్పించు. చాలామంది పనివాళ్లు పైపొరగా రాతిపొడి వేస్తామంటారు, చదునుగా తొందరగా వస్తుందని. ఒప్పుకోకు. ఆ పొడి తడిని పట్టుకుంటుంది. చలికి ఆ తడి మంచు పొరలుగా కట్టి నేలను పైకి లేపుతుంది, ఎండకు కరిగి కుంగుతుంది. పోనుపోను గుంటలు పడతాయి. పైగా మూత్రం అందులోనే ఇంకి ఉండిపోతుంది.

రాతిపొడి లేకపోతే ఒక ఇబ్బంది ఉంది. వదులు చిప్స్‌లో మేకులు పట్టవు. అందుకే చుట్టూ రీసైకిల్ ప్లాస్టిక్ పలకల అంచు కట్టించి, గడ్డిని దానికే స్టెయిన్‌లెస్ స్క్రూలతో 10 సెం.మీ.కొకటి బిగించాలి. కుక్క ఎప్పుడూ అంచు దగ్గరే గోళ్లు పెడుతుంది, అక్కడ పిసినారితనం వద్దు. కర్ర అంచు మూత్రానికి కుళ్లుతుంది. నేలలో ఎలుకల బెడద ఉంటే కంకర కింద తుప్పు పట్టకుండా జింకు పూసిన (గాల్వనైజ్డ్) ఇనుప వల పరిపించు.

గడ్డి ఎంపికలో పోచ ఎత్తు 25 నుంచి 35 మి.మీ. ఉంటే చాలు, ఇంకా పొడవైతే మలం చిక్కుకుంటుంది. అసలు చూడాల్సింది వెనక భాగం. కొన్నింటికి వెనక అంతా పూత పూసి దూరదూరంగా చిల్లులు పొడుస్తారు. చిల్లుకీ చిల్లుకీ మధ్య పడ్డ మూత్రం అక్కడే నిలుస్తుంది. వెనకంతా నీళ్లు దిగిపోయే రకం అడుగు. ముక్క తెప్పించుకుని చెంబుడు నీళ్లు పోసి చూడు, సంగతి నిమిషంలో తెలుస్తుంది. సీసం లేదని పరీక్ష కాగితం కూడా అడుగు, కుక్కపిల్లలు పోచలు నములుతాయి. ఎత్తుకు పోయేకొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాల తాకిడి పెరుగుతుంది కాబట్టి ఆ రక్షణకు వారంటీ రాతపూర్వకంగా ఉండాలి.

అతుకు వేసేటప్పుడు రెండు ముక్కల పోచలూ ఒకే వైపు వాలాలి. చలి రోజున అతికించనివ్వకు, చాలా జిగుర్లు 10 డిగ్రీల కింద సరిగా పట్టవు. గింజలుగా ఇసుక, రబ్బరు వద్దు, జియోలైట్ అనే సన్న రంధ్రాల ఖనిజం గింజలు వేయించు. చదరపు మీటరుకు 6 కిలోల లెక్కన 30 చదరపు మీటర్లకు 180 కిలోలు. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా విరిచినప్పుడు జియోలైట్ దాన్ని పట్టి ఉంచుతుంది. దానికీ హద్దుంది, నిండాక వాసన మొదలవుతుంది. అందుకే వారానికోసారి నీళ్లతో బాగా తడపాలి. మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం చల్లితే వెంటనే కడిగేయకు, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచు. గడ్డకట్టే చలిలో అది పనిచేయదు. బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు. అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది, ముక్కు నేలకు ఆనించి తిరిగే కుక్కకే ముందు తగులుతుంది.

మంచు కాలంలో ప్లాస్టిక్ పారతో తోసి, చివరి రెండు మూడు సెంటీమీటర్లు వదిలేయి. గట్టిపడ్డ మంచును కొట్టకు, పోచలు ఊడొస్తాయి. మంచు కరగాలని ఉప్పు చల్లితే కుక్క పాదాలు మండుతాయి. చలికాలమంతా మంచులో పేరుకున్న మూత్రం కరిగేటప్పుడు ఒక్కసారే దిగుతుంది. ఆ వారం రెండు మూడుసార్లు కడిగితే వేసవంతా హాయి.

ఎండాకాలం అరచేయి వెనక భాగం గడ్డి మీద 5 సెకన్లు ఆనించు. అంతసేపు చేయి ఉంచలేకపోతే కుక్కను వదలకు, నీడ కట్టించు. వేడిని ఆపే పూత ఉన్న కిటికీ అద్దాల నుంచి పడే వెలుతురు గడ్డిని కరిగించగలదు, అలాంటి కిటికీ ఎదురుగా పరిపించకు. అడవి మంటల భయం ఉన్న చోటైతే ఇంటి గోడకు మీటరున్నర దూరం వరకు గడ్డి వద్దు, అక్కడ ఉత్త కంకర పట్టీగా వదిలేయించు. ఇది ప్లాస్టిక్, నిప్పురవ్వకు అంటుకుంటుంది. పైన్ ఆకులు పడితే వారంవారం ఊడ్చాలి, అవి నీళ్లు దిగే దారినీ మూస్తాయి, మంటకూ మేతవుతాయి.

అలాంటి కంకర పట్టీ ఉంటే అందులోనే ఒక మూల కుక్కకు మూత్రానికి అలవాటు చేయి. గడ్డి మీద భారం తగ్గుతుంది.

తవ్వకం మొదలుపెట్టే ముందు స్థలం కొలతలు, ఎగువ దిగువ ఎత్తుల తేడా రాసి పంపు. కాలువ ఎక్కడ తీయాలో గీసి పంపిస్తాను.

ఇట్లు,
పెదనాన్న