మోల్డ్ పనికి ట్రైనింగ్, లైసెన్స్: టెక్సాస్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మావారు హెచ్-1బీ మీద పనిచేస్తున్నారు. హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటున్నాం. నాకు ఈమధ్యే హెచ్-4 ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) వచ్చింది. గుంటూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను. ఇళ్లలో మోల్డ్ (బూజు) తీసే కంపెనీల్లో ఉద్యోగాలు ఉంటాయని విన్నాను. ఆన్‌లైన్‌లో ఒక సంస్థ రెండు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామంటోంది. చేరమంటారా?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండమ్మా. సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. టెక్సాస్‌లో ఈ పని చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సో, రిజిస్ట్రేషనో ఉండాలి. దాన్ని ఇచ్చేది టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్. అందరూ టీడీఎల్ఆర్ అంటారు. వాళ్లు గుర్తించిన ట్రైనింగ్ సంస్థల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీరు చూసిన సంస్థ పేరు అందులో లేకపోతే ఆ కాగితంతో ఇక్కడ లైసెన్స్ రాదు. ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు ఉందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. పర్యావరణ సంస్థ ఈపీఏ మోల్డ్ పనివాళ్లకు లైసెన్స్ ఇవ్వదు.

ఈఏడీ ఉంది కాబట్టి వీసా పరంగా మీకు అడ్డు లేదు, కార్డు గడువు మాత్రం చూసుకుంటూ ఉండండి. ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. తుఫాను వచ్చి వెళ్లాక మనిషి దొరకడమే కష్టమవుతుంది. "వారాంతాల్లో రండి, క్యాష్ ఇస్తాం" అని పిలుస్తారు. ఈఏడీ లేని హెచ్-4 వాళ్లు, ఎఫ్-1 స్టూడెంట్లు దయచేసి వెళ్లకండి. హెచ్-1బీ వాళ్లు కూడా స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇలాంటి సైడ్ జాబ్ చేయకూడదు. రెండు మూడు వందల డాలర్ల కోసం స్టేటస్ పోగొట్టుకోవద్దు.

ఇక పని సంగతి. ఇందులో రెండు వైపులున్నాయి. మోల్డ్ ఎక్కడ ఉంది, తేమ ఎక్కడి నుంచి వస్తోంది, ఏమేం తీసేయాలి అని చూసి రాసిచ్చేది అసెస్‌మెంట్. ఆ రాతను బట్టి తీసి శుభ్రం చేసేది రెమిడియేషన్. టెక్సాస్ చట్టం ప్రకారం ఒకే పనిలో ఈ రెండూ ఒకే కంపెనీ చేయకూడదు. ఈ నియమం నాకెంతో నచ్చుతుంది. తీసేవాళ్లే ఎంత తీయాలో కూడా చెబితే ఇంటివాళ్లను కాపాడేదెవరు? తీయడం అయ్యాక కూడా అసెస్‌మెంట్ వైపు వాళ్లు వచ్చి, ఇల్లు శుభ్రపడిందని తేలిస్తేనే పని పూర్తయినట్టు.

రెమిడియేషన్ వైపు మొదటి మెట్టు వర్కర్. 4 గంటల ట్రైనింగ్, రిజిస్ట్రేషన్, అంతే. అసెస్‌మెంట్ టెక్నీషియన్‌కు 24 గంటల కోర్సు, ఆపైన రాష్ట్ర పరీక్ష. అసెస్‌మెంట్ కన్సల్టెంట్‌కూ, రెమిడియేషన్ కాంట్రాక్టర్‌కూ 40 గంటల కోర్సు, పరీక్ష, ముందే కొంత అనుభవం కావాలి. ఒకేచోట 25 చదరపు అడుగుల కన్నా తక్కువ మోల్డ్ ఉంటే తీయడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఈ మినహాయింపు చూపించి పెద్ద పనులు కూడా లైసెన్స్ లేకుండా చేయించే వాళ్లున్నారు, అలాంటి చోట చేరకండి.

మీ చదువును బట్టి నేనైతే అసెస్‌మెంట్ టెక్నీషియన్‌గా మొదలుపెట్టమంటాను. కన్సల్టెంట్ కింద పనిచేస్తూ గాలి శాంపిళ్లు, గోడల మీది శాంపిళ్లు తీయడం, తేమ కొలవడం, అంతా నమోదు చేయడం మీ పని. సైన్స్ సబ్జెక్టులు తగినన్ని ఉన్న డిగ్రీ చేతిలో ఉంటే, అనుభవం వచ్చాక కన్సల్టెంట్ లైసెన్స్‌కు దారి సులువవుతుంది. అందుకని మీ ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకుని, మీ డిగ్రీ ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ ఇప్పుడే చేయించి పెట్టుకోండి. యూనివర్సిటీ నుంచి కాగితాలు రావడానికి ఎంత టైమ్ పడుతుందో మీకు తెలియంది కాదు. ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తట్టదు. ఆ శాంపిళ్లన్నీ లైసెన్స్ ఉన్న ల్యాబ్‌లకే వెళ్తాయి. మైక్రోస్కోపు కింద స్పోర్లు, అంటే గాలిలో తేలే బూజు బీజాలు, గుర్తుపట్టి లెక్కపెట్టే పనికి మైక్రోబయాలజీ చదివినవాళ్లే కావాలి. రెజ్యూమే అక్కడికీ పంపండి.

లైసెన్స్‌తో పాటు కంపెనీలు ఎక్కువగా అడిగేది ఐఐసీఆర్‌సీ అనే ప్రైవేటు సంస్థ ఇచ్చే సర్టిఫికేషన్లు. ఇందులో ముందు నీటి నష్టం కోర్సు డబ్ల్యూఆర్‌టీ, అది పాసయ్యాకే మోల్డ్ కోర్సు ఏఎంఆర్‌టీ. వరస సరైనదే, ఎందుకంటే మోల్డ్ అసలు సమస్య నీరే. తడిసిన గోడను 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు పట్టదు. 2017లో హార్వీ తుఫానుకు బార్కర్ రిజర్వాయర్ నీళ్లు కేటీ వైపు ఇళ్లలో రోజుల తరబడి నిలిచిపోయాయి. 2021 ఫిబ్రవరి చలికి పైపులు పగిలి సీలింగులు కూలాయి. ఆ ఇళ్లలో గోడలకు ఉండే షీట్‌రాక్ (జిప్సం పలక) మీది కాగితమే బూజుకు తిండి అయింది. కారే పైపు బాగుచేయకుండా గోడ మాత్రం మార్చి వెళ్లిపోతే మళ్లీ వస్తుంది.

ట్రైనింగ్‌లో శ్రద్ధగా నేర్చుకోవాల్సింది కంటైన్‌మెంట్, అంటే మోల్డ్ బయటికి పాకకుండా కట్టడి చేయడం. 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం పాలిథీన్ షీట్లతో గదిని మూసేసి, సన్నటి కణాలను కూడా పట్టే హెపా ఫిల్టరున్న నెగటివ్ ఎయిర్ మెషీన్‌తో లోపలి గాలిని బయటికి లాగుతారు. లేకపోతే ఒక గదిలోని స్పోర్లు ఇల్లంతా చేరతాయి. బ్లీచ్ కొట్టేస్తే సరిపోతుందని మనవాళ్లూ అంటుంటారు. సరిపోదు. చచ్చిన మోల్డ్ కూడా అలర్జీ తెప్పిస్తుంది, దాన్ని తీసి బయట పారేయాల్సిందే.

ఒంటి సంగతి కూడా ఆలోచించండి. మీకు ఆస్తమా ఉంటే ముందు డాక్టరును అడగండి, ల్యాబ్ పని మేలనిపించవచ్చు. బిగుతు రెస్పిరేటర్‌కు (ముఖానికి అతుక్కునే మాస్కుకు) ఫిట్ టెస్ట్, అంటే అది మీ ముఖానికి సరిగ్గా సరిపోతుందో చూసే పరీక్ష, తప్పనిసరి. గడ్డం ఉన్న మగవాళ్లు దాన్ని తీసేయాల్సిందే, లేకపోతే మాస్క్ అంచు ముఖానికి అతుక్కోదు. ఆగస్టులో ఇక్కడి అటక మీద ఒళ్లంతా కప్పే సూటు వేసుకుని పాకడం తేలిక కాదు. ఇంటర్వ్యూలో మాస్కులు, ఫిట్ టెస్ట్, ట్రైనింగ్ ఫీజు, వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే) ఇన్సూరెన్స్ ఎవరిస్తారని మొహమాటపడకుండా అడగండి. చివరిది మరీ ముఖ్యం, టెక్సాస్‌లో ప్రైవేటు కంపెనీలకు అది తప్పనిసరి కాదు.

మీవారి ప్రాజెక్టు మారితే? డల్లాస్, ఆస్టిన్ వెళ్లినా ఇదే లైసెన్స్ చెల్లుతుంది. ఫ్లోరిడా, న్యూయార్క్, లూయిజియానాల్లో లైసెన్సులు వేరే ఉన్నాయి, అక్కడి నియమాలు మళ్లీ చూసుకోవాలి. మోల్డ్ లైసెన్సే లేని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. అక్కడ కంపెనీలు చూసేది ఏఎంఆర్‌టీనే. ఎప్పుడు ఎక్కడికి మారతారో తెలియని వీసా మీద ఉన్నారు కాబట్టి, టెక్నీషియన్ లైసెన్స్ చేతికొచ్చిన ఏడాదే ఏఎంఆర్‌టీని కూడా పూర్తిచేయండి.