స్కోప్ ముట్టుకుంటే జివ్వుమంటోంది

ప్రశ్న: ల్యాబ్‌లో ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డును ఆసిలోస్కోప్‌తో (వోల్టేజీ అలల్ని తెర మీద చూపే పరికరం) చూడబోతే, ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ తగిలించగానే టప్‌మని నిప్పురవ్వలు లేచి ఎంసీబీ (షార్ట్ అయితే కరెంటు కట్ చేసే స్విచ్) పడిపోయింది. ఎర్త్ పిన్ పీకేసిన పవర్ కార్డ్ పెట్టాక పడట్లేదు. కానీ క్లిప్ ఎక్కడా తగిలించకపోయినా స్కోప్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది. స్కోప్ పాడైందా?

జవాబు: స్కోప్ బాగానే ఉందండీ. ఆ కార్డును మాత్రం ఇంకెవరికీ పనికిరాకుండా రెండు ముక్కలు చేసి పారేయండి.

స్కోప్‌ని గోడ ప్లగ్ నుంచి ఊడదీసి, మంచి కార్డ్ పెట్టి, దాని ఎర్త్ పిన్నుకీ ప్రోబ్ క్లిప్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తుంది. అంటే మీరు క్లిప్ ఎక్కడ తగిలిస్తే అక్కడికి ఎర్త్ ఇచ్చినట్టే. ఎస్‌ఎంపీఎస్‌లో బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) తర్వాతి నెగటివ్ లైన్‌కి సర్క్యూట్ బొమ్మలో గ్రౌండ్ గుర్తే వేస్తారు, చాలామంది అక్కడే బోల్తాపడతారు. సైకిల్‌లో సగంసేపు ఆ లైన్ డయోడ్ గుండా ఫేజ్‌కి కలిసి ఉంటుంది. దానికి ఎర్త్ తగిలితే టప్‌మనక ఏం చేస్తుంది?

ఇక జివ్వు సంగతి. స్కోప్ లోపలి ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి లీకేజీ ఎర్త్‌లోకి పోవాలి. ఆ దారి మూసేస్తే 230 వోల్టుల లైన్‌పై బాడీ దాదాపు 115 దగ్గర తేలుతుంది. కరెంటు స్వల్పం కాబట్టి జివ్వుమని వదిలేస్తోంది. అదే క్లిప్ ఆ నెగటివ్ లైన్ మీద ఉన్నప్పుడు ముట్టుకుంటే వదలదు. గుండె లయ తప్పడానికి పదుల మిల్లీఆంపులు చాలు. 16 ఆంపుల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. పడట్లేదని సంబరపడకండి.

సరైన దారి, ఆ వోల్టేజీకి తగ్గ రేటింగ్ ఉన్న డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో పని లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడాను చూసేది). లేదంటే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్‌తో నేరుగా తీగ కలవకుండా కరెంటు ఇచ్చేది). అది బోర్డుకే, స్కోప్‌కి కాదు. అప్పుడూ క్లిప్పులన్నీ ఒకే పాయింట్‌కి తగిలించాలి, లోపల అన్నీ ఒక్కటే కాబట్టి. క్లిప్ పెట్టాక బోర్డుకి మళ్లీ ఎర్త్ వచ్చినట్టే. చెయ్యి తగిలితే షాక్ కొడుతుంది, గోడ దగ్గరి ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి లీకైతే కట్ చేసే స్విచ్) కూడా పడదు.

ప్రశ్న: బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ స్కోప్ పెడితే ఈ గొడవ ఉండదు కదా?

జవాబు: ఎంసీబీ పడదు, అంతే. ఐసోలేషన్ లేని స్కోప్ అయితే క్లిప్‌కి తగిలిన వోల్టేజీ ల్యాప్‌టాప్ లోహపు బాడీ మీదికి వస్తుంది. మీ చేతులుండేది దాని మీదే.