సెప్టిక్ ట్యాంకు కోసం గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావారు మస్కట్‌లో ఉంటారు. ఎకరం కొబ్బరితోట ఉంది. ఇల్లు కట్టి ఆరేళ్లయింది. ఈ వానలకి బాత్రూమ్‌లో నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. ఇంకో ట్యాంకు, ఇంకో ఇంకుడు గుంత కట్టాలి, 65 వేలవుతుంది అంటున్నారు మేస్త్రి. ట్యాంకర్‌తో తోడిస్తే 4 వేలట, కూలీలైతే 2,500కే దిగి తీస్తామన్నారు. గాజులు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఈ ఆరేళ్లలో ట్యాంకు ఒక్కసారైనా తీయించినట్టు మీరు రాయలేదు. మడ్డిని రెండు మూడేళ్లకోసారి తోడించాలి. లేకపోతే అది ఇంకుడు గుంతలోకి పోయి మట్టిలో నీరింకే సందుల్ని పూడ్చేస్తుంది. పైగా మన డెల్టాలో వానాకాలం గునపం వేస్తే చాలు నీరు తగులుతుంది. ఇక గుంతలో నీరు ఇంకేదెక్కడ? కొత్తది తవ్వినా శ్రావణంలో ఇదే తంతు.

ఇప్పటికి ట్యాంకర్‌ని పిలిచి సగం వరకే తోడించండి. చుట్టూ నీరు నిండి ఉన్నప్పుడు పూర్తిగా ఖాళీ చేస్తే ఆ ఒత్తిడికి గోడలు పగలొచ్చు. మిగతాది వేసవిలో, కాలువలకి నీళ్లు ఆపేశాక చేయించుకోండి. కూలీల మాట మాత్రం ఒప్పుకోకండి. లోపలి విషవాయువుకి మనిషి నిమిషాల్లో ప్రాణం పోగొట్టుకుంటాడు. 1,500 మిగులుతుందని ఒకరి బిడ్డని అందులోకి దింపకూడదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా దింపిన వారికి మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక డబ్బు సంగతి. కొబ్బరికాయల ప్రతి దింపుకీ వచ్చే సొమ్ములోంచి 400 పక్కన పెట్టండి. ఏడాదికి ఆరు దింపులనుకుంటే 2,400, మూడేళ్లకి 7,200. ట్యాంకర్ ఖర్చు పోను పైపో, మూతో బాగుచేయించడానికి 3,200 మిగులుతుంది. ఈ డబ్బు ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకండి, కలిస్తే పండక్కి అయిపోతుంది. బ్యాంకులో నెలకి 200 చొప్పున 36 నెలల రికరింగ్ డిపాజిట్ తెరవండి.

మా ఇంట్లో గృహప్రవేశం హడావుడిలో ట్యాంకు మూత మీదుగా టైల్స్ వేయించేశాం. నాలుగేళ్లకి నీళ్లు పొంగితే మూత ఎక్కడుందో తెలీక వరండా సగం పగలగొట్టించాం. తోడించిన దానికంటే మళ్లీ టైల్స్ వేయించిన ఖర్చే ఎక్కువైంది. మీ మూత ఎక్కడుందో ఇవాళే చూసుకోండి.

ఏడాదికోసారి ఒక పొడవాటి కర్రకి పాత తెల్ల పంచె గుడ్డ చుట్టి, మూత తీసి కాసేపు గాలి పోనిచ్చి, మీరు లోపలికి వంగకుండా దాన్ని అడుగుదాకా దించండి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. రెండు మూడు నిమిషాలాగి పైకి తీస్తే మడ్డి ఉన్నంత మేర గుడ్డ నల్లగా ఉంటుంది. ఆ నలుపు ట్యాంకు లోతులో మూడో వంతు దాటితే ఇక ట్యాంకర్‌ని పిలవాల్సిందే. యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకొద్దీ పోయకండి, మడ్డిని తినే సూక్ష్మజీవులు చస్తాయి.

మేస్త్రికి ఒక చిన్న పని అప్పజెప్పండి. స్నానం నీళ్లు ట్యాంకులోకి పోతుంటే ఆ పైపు మళ్లించి, కొబ్బరి పాదుల్లోకి పెట్టించండి.