ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే రొమ్ము క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. ఇద్దరు పిల్లలు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) 236, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 138, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 39 వచ్చాయి. పరీక్షకు ముందు రోజు రాత్రి పెళ్లి భోజనం చేశాను. రక్తంలో కొవ్వు ఎక్కువుంటే చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఫోనులో చదివాను. మా పిన్నికి 46 ఏళ్లకు ఆ జబ్బు వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటే నాకు రాకుండా ఉంటుందా? మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చేయించుకోవాలా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు చదివింది పూర్తిగా కట్టుకథ కాదు. కొలెస్ట్రాల్ నుంచి మన ఒంట్లో తయారయ్యే 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే పదార్థం ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌లా పనిచేసి రొమ్ము కణితులను పెంచుతుందని 2013లో ఎలుకల్లో తేలింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క కుదరలేదు. కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనిపించింది, కొన్నింట్లో లేదు. అందుకే లిపిడ్ (రక్తంలో కొవ్వుల) పరీక్ష చూసి రొమ్ము క్యాన్సర్ ముప్పును అంచనా వేయరు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఈ క్యాన్సర్‌ను ఆపుతాయని కూడా రుజువు కాలేదు. మళ్లీ గర్భం ఆలోచన ఉంటే వాటిని సొంతంగా అసలే మొదలుపెట్టవద్దు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ పిన్ని గారి విషయం. దగ్గరి బంధువుల్లో ఇంకెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిందా, కనుక్కోండి. మేనత్తలనూ నాన్నమ్మనూ వదలకండి. ఈ క్యాన్సర్ల ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యువులోని లోపం తండ్రి నుంచీ వస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. అలాంటివారు ఉంటే జన్యు పరీక్ష అవసరమేమో క్యాన్సర్ నిపుణులను అడగాలి. పిన్ని ఒక్కరికే అయితే, సాధారణంగా 40 ఏళ్ల నుంచి మామోగ్రామ్ సరిపోతుంది. అదే జబ్బు అమ్మకో అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే, వారికి వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచే పరీక్షలు మొదలుపెడతాం. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డలు మరుగున పడతాయి. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ చేయిస్తాం.

నెలసరి ముగిసిన నాలుగైదు రోజులకు అద్దం ముందు నిలబడి, తర్వాత పడుకుని, చంకల దాకా తడిమి చూసుకోండి. గట్టి గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు ఉండటం, చనుమొన నుంచి రక్తం కారడం గమనిస్తే ఆలస్యం చేయకండి. నొప్పి లేదు కదా అని ఊరుకునేవారే ఎక్కువ. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఇక మీ రిపోర్టు. విందు మర్నాడు చేసిన పరీక్షను బట్టి మందులు రాయలేం. మామూలు భోజనం చేసే రోజుల్లో, పన్నెండు గంటలు ఏమీ తినకుండా మళ్లీ చేయించండి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, హెచ్‌డీఎల్ 50 పైన ఉండాలి. థైరాయిడ్, షుగర్ కూడా చూడాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అవీ ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. మన ఇళ్లలో అందరూ నూనెనే నిందిస్తారు గానీ, మూడు పూటలా అన్నం, చక్కెర టీలు, స్వీట్లు ఈ అంకెను ఇంకా తేలిగ్గా పెంచుతాయి. అవి తగ్గించి, రోజూ అరగంట చురుగ్గా నడవండి. ఇది మీ గుండె కోసం.

క్యాన్సర్ నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు పిన్ని గారి బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు కాపీ దొరికితే వెంట తీసుకెళ్లండి.