మంట సంగతి తర్వాత, ముందు ప్రెజర్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 61. మూడేళ్ల క్రితం అద్దాల కోసం వెళ్తే రెండు కళ్లలోనూ ప్రెజర్ 28 ఉంది, నీటికాసులు మొదలయ్యాయి అని చెప్పి రాత్రిపూట వేసుకోమని లటానోప్రోస్ట్ చుక్కలు రాశారు. ఈమధ్య కళ్లు ఎర్రబడి, ఇసుక పోసినట్టు మంట. నెలన్నర క్రితం అవి ఆపేసి మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను, హాయిగా ఉంది. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు మంచివని, డల్లాస్ నుంచి పంపిస్తానని మా అబ్బాయి అంటున్నాడు. తెప్పించుకోవచ్చా? ఆయాసానికి ఇన్‌హేలర్ వాడతాను. - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు అడిగింది ప్రిజర్వేటివ్ గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం ఆ నెలన్నర. లటానోప్రోస్ట్ ఆపి నెల దాటిందంటే దాని పనితనం ఇక మిగల్లేదనే అనుకోవాలి, అంటే మీ ప్రెజర్ మళ్లీ పాత 28కి చేరి ఉండొచ్చు, ఇంకా పెరిగి కూడా ఉండొచ్చు. కళ్లు హాయిగా ఉన్నాయంటున్నారు, కానీ మీకున్న రకం నీటికాసుల్లో (గ్లాకోమాలో) సాధారణంగా నొప్పి ఉండదండీ. చూపు పక్కల నుంచి మెల్లగా తగ్గుతూ వస్తుంది, ఎదురుగా ఉన్న పేపరు బాగానే చదవగలుగుతారు, అందుకే తెలియదు. ఒక కన్ను సగం పోయాక వచ్చి "నొప్పేం లేదు కదా డాక్టర్ గారూ" అనేవాళ్లని వారానికి ఒకరినైనా చూస్తుంటాను. పోయిన కంటి నరం తిరిగి రాదు.

ఇక ఆ మెడికల్ షాపు చుక్కలు. పేరు రాయలేదు మీరు. కంటి ఎరుపుకి చీటీ లేకుండా ఇచ్చేవాటిలో చాలాసార్లు డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, ఎరుపు చిటికెలో తగ్గేది అందుకే. అదే స్టెరాయిడ్ కొన్ని వారాల్లో కంటి ప్రెజర్ పెంచుతుంది, గ్లాకోమా ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. మీ సీసాలో అదే ఉందని నేను అనడం లేదు, ఉంటే మాత్రం ఒక పక్క ప్రెజర్ మందు ఆపి, ఇంకో పక్క ప్రెజర్ పెంచేది వేసుకుంటున్నట్టు. సీసా మీద చిన్న అక్షరాలు ఇంట్లో ఎవరితోనైనా చదివించండి. మూడేళ్లు ఓపిగ్గా చుక్కలు వేసుకున్న మనిషి, మంట వచ్చినప్పుడు రాసిన డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేయకపోతే ఎలా?

మీ అబ్బాయి చెప్పింది తప్పేం కాదు. చాలా ప్రెజర్ చుక్కల్లో సీసాలో మందు పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కలుపుతారు. దానిది సబ్బులాంటి గుణం, క్రిములతో పాటు కన్నీటి పొరనీ దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, రోజుకి రెండు మూడు రకాలు వేసుకునేవాళ్లకి కళ్లు పొడిబారి మండుతాయి. అలాంటివాళ్లకి ప్రిజర్వేటివ్ లేనివి నిజంగా ఉపశమనమే. ప్రెజర్ ఎక్కువ తగ్గుతుందని మాత్రం అనుకోకండి, ఆ విషయంలో దాదాపు ఒకటే. పైగా లటానోప్రోస్ట్ మందే కొందరి కళ్లని ఎర్రబరుస్తుంది, మీ మంటకి కారణం అదా, ప్రిజర్వేటివా, ఈ వయసులో మామూలుగా వచ్చే పొడిదనమా అన్నది కళ్లు చూస్తేనే తెలిసేది.

డల్లాస్ నుంచి మాత్రం వద్దు. ఇలాంటివి ఇక్కడా దొరుకుతున్నాయి, ఖరీదు కాస్త ఎక్కువ. నా అసలు భయం మీ ఇన్‌హేలర్ గురించి. ప్రెజర్ చుక్కల్లో చాలావాటిలో టిమోలాల్ అనే మందు ఉంటుంది, ప్రిజర్వేటివ్ లేనివాటిలో కూడా. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఆయాసం ఉన్నవాళ్లకి టిమోలాల్ ప్రమాదం, ఊపిరి ఆడక ఆస్పత్రిలో చేరినవాళ్లున్నారు. మీవాడు మంచి మనసుతోనే పంపుతాడు, అందులో ఏం కలిసిందో ఎవరు చూస్తారు?

డాక్టర్ చూసి ప్రిజర్వేటివ్ లేనివే రాస్తే, చిన్న చిన్న వయల్స్ రూపంలో వచ్చినవి తెరిచిన పూటకే వాడి మిగిలింది పారేయాలి. సగం ఉందని రేపటికి దాచారంటే క్రిములకి ఇల్లు ఇచ్చినట్టే. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కిపట్టండి, మందు ముక్కులోకి దిగడం తగ్గుతుంది.

ఇదంతా మీ ఉత్తరం చదివి చెప్పింది, మీ కళ్లు చూసి కాదు. పాత చుక్కలు మళ్లీ మొదలుపెట్టాలా, మార్చాలా అన్నది మీ డాక్టర్‌కి ఈ రోజే ఫోన్ చేసి అడగండి, రేపో ఎల్లుండో వెళ్లి ప్రెజర్ చూపించుకోండి. ఈలోగా ఎప్పుడైనా కన్ను విపరీతంగా నొప్పి పుట్టి, వాంతులై, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత సీసా, షాపు సీసా, ఇన్‌హేలర్, మూడేళ్ల ఫీల్డ్ టెస్ట్ (పక్క చూపు పరీక్ష) కాగితాలు అన్నీ ఒకే సంచిలో వేసుకెళ్లండి.