వంటింటి వైద్యం: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: ఆదివారం బయట బిర్యానీ తిన్నాం, అప్పట్నుంచి ఇంట్లో అందరికీ మోషన్స్. మావారేమో ఎళనీరు (కొబ్బరిబొండాం నీళ్ళు) తాగితే చాలు, లేకపోతే గ్లూకోజ్ పౌడర్ కలుపుకోండి అంటారు, మా అత్తయ్యగారేమో ఉప్పేసిన గంజి అంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: నా ఓటు మీ అత్తయ్యగారికేనండీ. మోషన్స్ లో నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది కదా, ఎళనీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం తక్కువ, ఇక మామూలు గ్లూకోజ్ పౌడర్ అంటే తీపే తప్ప ఉప్పు పెద్దగా ఉండదు. పేగు ఉప్పుని బాగా పీల్చుకోవాలంటే పక్కన చక్కెర ఉండాలి, ఆ రెండూ జంటగా లోపలికెళ్తే వాటి వెనకాలే నీళ్ళూ వెళ్తాయి. గంజిలో పిండి అరిగి చక్కెర అవుతుంది, మీరు ఉప్పేస్తారు, లెక్క సరిపోయింది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ లోని బన్‌గావ్ శరణార్థుల క్యాంపులో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజ్, బేకింగ్ సోడా కలిపిన నీళ్ళనే డ్రమ్ముల్లో పెట్టి తాగించారు, దాదాపు 30 శాతం ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగాయి. ఆయనకి పద్మవిభూషణ్ మాత్రం పోయాక, 2023లో ఇచ్చారు, మన దేశం సంగతి తెలిసిందే కదా.

ఇంట్లో కలపాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి 6 టీస్పూన్లు చక్కెర, అర టీస్పూను ఉప్పు. స్పూను మీద గోపురం లేకుండా వేలితో గీసెయ్యండి, ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ (ఇలా నీళ్ళలో కలుపుకునే ఉప్పు, గ్లూకోజ్ పొడి) దొరికితే అదే బెస్ట్, కాకపోతే డబ్బా మీద బొమ్మ చూసి పళ్ళ రుచుల డ్రింకులు కొనకండి, ఫార్ములా ప్రకారం లేనివాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు ఆర్డర్ కూడా వేశారు. మోషన్ లో రక్తం పడ్డా, ఆరు గంటలైనా ఒంటేలు రాకపోయినా, పిల్లలు మత్తుగా పడుంటున్నా ఇంక గంజి కథలొద్దు, ఆటో పిలిచెయ్యండి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదో నెల, దగ్గు. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ తేనెలో వసకొమ్ము అరగదీసి నాకిద్దామంటోంది. పక్కింటి మామి కూడా నాట్టు మరుందు కడై (నాటుమందుల కొట్టు) నుంచి వసంబు, అదే వసకొమ్ము, తెచ్చిచ్చారు. పెట్టొచ్చా?
– ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: వద్దు తల్లీ, ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు తేనెలో ఉండొచ్చు, పెద్దవాళ్ళ పేగులో అవి మొలకెత్తలేవు గానీ పసిపేగులో మొలిచి విషం తయారుచేస్తాయి, ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు నీరసించడం, పాలు సరిగ్గా లాగకపోవడం, మెడ వాలిపోవడం. ఇంట్లో తేనె కాస్తే బీజాలు చావవు. వసకొమ్ములోని అసరోన్ అనే పదార్థం కూడా పసివాళ్ళకి మంచిది కాదు, అమ్మమ్మలకి కోపం వచ్చినా సరే. ఏడాది దాటాక రాత్రి పడుకోబోయే ముందు అర టీస్పూను తేనె దగ్గుకి నిజంగానే పనిచేస్తుంది, అప్పుడు అమ్మగారి చేతే పెట్టించండి. ఇప్పటికి తల్లిపాలు, ముక్కులో సెలైన్ చుక్కలు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి గుంజుకుంటే మాత్రం రాత్రయినా హాస్పిటలే.

ప్రశ్న: వయసు 58, షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతా. పొద్దున్నే మెంతుల నీళ్ళు, ఆ పైన కాకరకాయ జ్యూస్ మొదలుపెట్టా, పదకొండింటికి చేతులు వణుకుతున్నాయి, చెమటలు. సాయంత్రం సుక్కు (సొంఠి) కాఫీలో కరుప్పట్టి వేసుకుంటా, అది షుగర్ పెంచదంట కదా?
– రిటైర్డ్ ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: వణుకుని పట్టించుకోండి సార్, షుగరు డౌన్ అవుతున్నట్టుంది. మెంతుల్లో జిగురుగా ఉండే పీచు పిండిని మెల్లగా అరిగిస్తుంది, కాకరా షుగర్ తగ్గించొచ్చు, ఇవి పనిచెయ్యవని కాదు, పనిచేస్తాయి కాబట్టే గ్లిమెపిరైడ్ తో కలిస్తే గొడవ. వణుకొచ్చినప్పుడు మీటరుతో చూసుకోండి, 70 లోపుంటే 3 టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి పావుగంటకి మళ్ళీ చూడండి. జ్యూస్ ఆపి డాక్టరుకి మొత్తం చెప్పండి, మాత్ర మీరే మానెయ్యడం మాత్రం వద్దు. కరుప్పట్టి అంటే తాటిబెల్లమే, రంగు మారినా చక్కెర చక్కెరే, సుక్కు కాఫీ ఉత్తదే తాగండి, సొంఠి ఘాటు చాలదూ? సొరకాయ జ్యూస్ కూడా తాగేవాళ్ళు ముందు ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదుంటే పారెయ్యండి, ఆ చేదుతో రక్తవాంతులై ఐసీయూలో చేరినవాళ్ళున్నారు.

ప్రశ్న: అప్పడాలు వేయిస్తుంటే నూనె చింది చెయ్యి కాలింది. పసుపా, టూత్‌పేస్టా?
– కాలేజీ అమ్మాయి, టి.నగర్

జవాబు: రెండూ కాదమ్మా, కుళాయి కింద 20 నిమిషాలు పెట్టు. గాజులు, ఉంగరం వెంటనే తీసెయ్యి, వాచాక రావు. ఐసు పెట్టకు, బొబ్బ చిదమకు, కాలిన చోటు అరచేయి కంటే పెద్దదైతే డాక్టరుకి చూపించు.